బొమ్మ రైలు అవతలి మలుపు దగ్గరే ఎందుకు ఆగిపోతోంది?

మా అబ్బాయి కోసమని చెప్పి కొన్నాను గానీ, నిజానికి ఆడేది నేనే. హెచ్‌ఓ స్కేలు (అసలు రైలులో 87వ వంతు సైజు) రైలు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు, 12 వోల్టుల డీసీ కంట్రోలర్. కంట్రోలర్ వైర్లు పట్టాలకి తగిలించిన చోట బాగానే పరిగెడుతుంది. గదికి అవతలి వైపు మలుపుకి వచ్చేసరికి నీరసపడి ఆగిపోతుంది, వేలితో నెడితే మళ్లీ కదులుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పట్టాలు, చక్రాలు తుడిచాను. గుడ్డకి నల్లటి మసి అంటింది, రెండు రోజులు బాగుంది, మళ్లీ అదే కథ. ఇంజన్ నడుస్తుండగా మల్టీమీటర్ పెడితే ఆ మూల 9 వోల్టులే. పట్టాల్ని కలిపే క్లిప్పులు వదులయ్యాయని నా అనుమానం. వాటిని బిగిస్తే సరిపోతుందా, లేక అవతలి వైపుకి ఇంకో జత వైర్లు లాగి టంకం పెట్టాలా? ఆ వేడికి పట్టాల కింద అడ్డంగా ఉండే ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయేమోనని టెన్షన్. గేర్లకి ఏ నూనె మంచిది? మా ఆవిడ కుట్టుమిషన్ నూనె ఇచ్చింది, ఇంకా వెయ్యలేదు.