తప్పు మందు పడింది: మరొకరికి ఇలా జరగకుండా చట్టం ఏం చేయగలదు?

ప్రశ్న (విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి)
గత నెల మా అమ్మగారిని నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చినప్పుడు, పక్క మంచంలోని రోగికి ఇవ్వవలసిన ఇన్సులిన్ ఆమెకు ఇచ్చారు. ఒళ్లంతా చెమటలు పట్టి మాట తడబడుతుంటే నేనే పరుగున వెళ్లి నర్సును పిలుచుకొచ్చాను. గ్లూకోజ్ ఎక్కించాక తేరుకున్నారు. ఆసుపత్రివారు ఆ రోజు గది అద్దె తగ్గించి ఊరుకున్నారు. నాకు పరిహారం అక్కరలేదు. ఆ వార్డులో ఇదే పొరపాటు మళ్లీ జరగకుండా చూసే చట్టం ఏదైనా ఉందా?

జవాబు (న్యాయవాది, మహారాణిపేట)
ముందుగా కేసు షీటు, మందుల చార్టు నకళ్లను రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. డబ్బు చెల్లించి పొందే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది కనుక, రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. పోలీసు కేసుకు మాత్రం తొందరపడకండి. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం దానికి ఘోరమైన నిర్లక్ష్యం రుజువు కావాలి. మీరు కోరుతున్నది పద్ధతిలో మార్పు కాబట్టి జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి కూడా ఫిర్యాదు చేయండి.

జవాబు (విశ్రాంత స్టాఫ్ నర్సు, గాజువాక)
వకీలు గారు చెప్పినదంతా సరైనదే కానీ, అది జరిగిపోయినదాని గురించి. నేను పనిచేసిన ఒక వార్డులో రాత్రి డ్యూటీకి ముప్పై మంది రోగులకు ఇద్దరమే ఉండేవాళ్లం. చిన్న వయసు నర్సు ఒకమ్మాయి తన పొరపాటును తానే వచ్చి చెప్పుకుంటే మర్నాడే మెమో ఇచ్చి జీతం కోశారు. ఆ తరువాత నేనక్కడ ఉన్న నాలుగేళ్లలో ఇన్సిడెంట్ రిజిస్టరులో మందుల పొరపాటు ఒక్కటీ ఎక్కలేదు. జరగకనా! డెన్మార్క్‌లో 2004 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం సిబ్బంది ఇటువంటి ఘటనలను తెలియజేయడం తప్పనిసరి, తెలియజేసినందుకు వారిని శిక్షించడం నిషిద్ధం. మన కేంద్ర ప్రభుత్వం 2018లో రోగి భద్రతకు జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది కానీ, అది చట్టం కాదు.

అందుకే అమ్మా, ఫిర్యాదులో ఆ నర్సు పేరు రాయకండి. ఇన్సులిన్ ఇచ్చేముందు రెండో నర్సు సరిచూస్తున్నారా, చేతిపట్టీ మీది పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరిన రోగికి ఇచ్చే నంబరు) చదువుతున్నారా, ఆ పూట ఎందరు రోగులకు ఎందరు నర్సులున్నారు అన్నవి అడగండి.

ప్రశ్న అడిగినవారు
మేడమ్, చేతిపట్టీ అనగానే గుర్తొచ్చింది. సెలైన్ పెట్టిన చేయి వాచిందని అమ్మ పట్టీని విప్పి మంచం కడ్డీకి చుట్టారు. నా ఫోనులో ఫోటో ఉంది.

న్యాయవాది
తీసిన తేదీ, సమయం కనిపించేలా ఆ ఫోటోను ఫిర్యాదుకు జతచేయండి.