‘కాపర్‌హెడ్’ను తెలుగులో ఏమనాలి? కట్లపామా, రాగితలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. అమెరికా అంతర్యుద్ధం మీద పిల్లల కోసం ఒక పుస్తకం అనువదిస్తున్నాను. 1863 ఫిబ్రవరి 28న హార్పర్స్ వీక్లీ అనే అమెరికా వారపత్రికలో అచ్చయిన కార్టూన్ ఒకటి అందులో ఉంది. కత్తీ డాలూ పట్టిన కొలంబియా (అమెరికా దేశానికి గుర్తుగా గీసే స్త్రీ) మీదికి మనుషుల ముఖాలున్న మూడు పెద్ద పాములు లేస్తున్నాయి. ఇవి ‘కాపర్‌హెడ్’ పార్టీ అట. కాపర్‌హెడ్ అంటే మాటకు మాట రాగితల, అమెరికాలో ఒక విషపాము పేరు. ఉత్తరాది డెమొక్రాట్లలో, యుద్ధం ఆపి దక్షిణాదితో రాజీ పడమన్న వర్గానికి రిపబ్లికన్లు పెట్టిన పేరు అది. నేను ‘కట్లపాము పార్టీ’ అని రాశాను. బొమ్మ కింది వాక్యాన్ని ‘శాంతి స్థాపనకు గట్టిగా కృషి చేసే పార్టీ’ అన్నాను. సరిపోతుందా, మాస్టారూ?

జవాబు

అమ్మా, ఎందుకు కట్లపాము అన్నారో నాకు అర్థమైంది. కోతల రోజుల్లో పొలంలో పడుకోబోతే మా నాయనమ్మ “చాప దులిపి పడుకోరా, కట్లపాముకు చప్పుడుండదు” అనేది. నాగుపాము పడగ విప్పి బుస కొడుతుంది, మనిషికి తప్పుకునే వీలిస్తుంది. కట్లపాము రాత్రిపూట నిద్రలో ఉన్నవాణ్ణి కాటేసి పోతుంది. అమెరికాలోనూ ఇదే పోలిక. అక్కడి గిలకపాము తోక ఆడించి హెచ్చరిస్తుంది, కాపర్‌హెడ్ ఆ హెచ్చరిక లేకుండానే కాటేస్తుందని ప్రతీతి. తిట్టు వరకైతే మీ మాట చక్కగా అతికింది. జాతిని బట్టి కాపర్‌హెడ్ మన రక్తపింజరకే దగ్గర, కానీ రక్తపింజర బుస చాలా దూరం వినిపిస్తుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు.

అయినా నేను ‘రాగితల’ అనే అంటాను. కారణం పాములో లేదు, నాణెంలో ఉంది. ప్రత్యర్థులు పాము అని తిడితే ఆ వర్గంవాళ్లు సిగ్గుపడలేదు. అప్పటి రాగి సెంటు మీద స్వేచ్ఛాదేవి తల ఉండేది. ఆ తలను నాణెం నుంచి కత్తిరించి కోటుకు బిళ్లలా తగిలించుకుని తిరిగారు. మీరు పాము అన్నారు, మేము స్వేచ్ఛ అంటున్నాం అని దాని భావం. ఒకే మాటలో తిట్టూ ఉంది, దానికి జవాబూ ఉంది. కట్లపాము అంటే తిట్టు మిగులుతుంది, జవాబు పోతుంది. చీలికలో ఒక పక్షం గొంతు అనువాదంలో నొక్కేసినట్టవుతుంది. అది నాకు బాధగా ఉంటుంది.

పైగా ‘తల’ మనకు కలిసొచ్చే మాట. “తలనుండు విషము ఫణికిని” అన్న సుమతీ పద్యం చదవని తెలుగు పిల్లలు తక్కువ. రాగితల అనగానే పాము దానంతట అదే స్ఫురిస్తుంది.

మరొకరు

మాస్టారూ, నాణెం మీది తలను మనం ‘బొమ్మ’ అంటాం కదా? బొమ్మా బొరుసా అంటాం గానీ తలా తోకా అనం. రాగితల అంటే పిల్లలకు నాణెం తోస్తుందా?

జవాబు

మంచి మాట అడిగారు. తోచదు. అందుకే కార్టూన్ కింద ఒక్క వాక్యం రాయాలి: రాగి నాణెం మీది దేవత తలను బిళ్లగా పెట్టుకున్నవాళ్లు అని. రాగిబొమ్మ అని మారిస్తే నాణెం దక్కుతుంది, పాము పోతుంది. తల వదలకండి.

అమ్మా, నాకు అంతకంటే ముఖ్యమనిపించింది ఆ కార్టూన్ కింది వాక్యం. ‘యుద్ధాన్ని ముమ్మరంగా సాగించాలి’ అనేది అప్పట్లో యుద్ధ సమర్థకుల నోట నలిగిన మాట. కార్టూనిస్టు అందులో ‘యుద్ధం’ తీసేసి ‘శాంతి’ పెట్టాడు, అంతే. మీరు ‘శాంతి స్థాపనకు గట్టిగా కృషి చేసే పార్టీ’ అని రాశారు. భాష శుభ్రంగా ఉంది, దెబ్బ మాత్రం పోయింది. తెలుగులో యుద్ధం సాగుతుంది, శాంతి నెలకొంటుంది. శాంతి పక్కన ‘సాగించు’ ఇమడదు. ఆ ఇమడకపోవడమే అక్కడి వ్యంగ్యం. ‘శాంతిని ముమ్మరంగా సాగించాలంటున్న రాగితల పార్టీ’ అనండి. ప్రూఫు చూసేవారు దిద్దబోతే దిద్దనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు

మారుస్తాను మాస్టారూ. తర్వాతి అధ్యాయంలో 1864 అధ్యక్ష ఎన్నిక వస్తుంది. షికాగో సభలో డెమొక్రాట్లు సేనాని మెక్‌క్లెల్లన్‌ను అభ్యర్థిగా నిలబెట్టారు. ప్రణాళికలో మాత్రం యుద్ధం విఫలమైందనీ పోరు ఆపాలనీ రాసుకున్నారు. ఆయనేమో అభ్యర్థిత్వం ఒప్పుకుంటూ రాసిన లేఖలో ఆ మాటకు ఒప్పుకోలేదు. సర్కస్‌లో రెండు గుర్రాల మీద ఒకేసారి నిలబడబోతున్నట్టు ఆయన్ని గీసిన కార్టూన్ ఉంది. ‘రెండు పడవల మీద కాళ్లు’ అనేశాను.

జవాబు

వచనంలో ఎక్కడైనా అనండి, అంతకంటే మంచి నుడికారం లేదు. ఆ బొమ్మ కింద మాత్రం వద్దు. కళ్లెదుట గుర్రాలు కనిపిస్తుంటే పిల్లవాడు పడవలెక్కడని వెతుక్కుంటాడు. ‘రెండు గుర్రాల మీద సవారీ’ చాలు.