మైనింగ్ చదువు గని దగ్గరా, యూనివర్సిటీలోనా? బ్రిటిష్ కాలపు స్కూళ్లు ఎలా మొదలయ్యాయి?

ఇల్లెందు_మనవడు:
మా తాత, ముత్తాత ఇద్దరూ ఇల్లెందులో బొగ్గు బాయి (గని) పనే చేశారు. కర్రతో గని పైకప్పును కొట్టి, ఆ చప్పుడును బట్టి అది నిలుస్తుందో లేదో తాత చెప్పేవాడు. ఆయనకు ఏ సర్టిఫికెట్టూ లేదు. ఆ రోజుల్లో మనవాళ్లకు మైనింగ్ ఎవరు నేర్పారు? కాలేజీల్లో ఆ చదువు ఎప్పుడు పెట్టారు? అక్కడ చదివినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఝరియా_పాతకాపు:
బాబూ, నేను ఎనభైల్లో ధన్‌బాద్‌లో చదివాను. మొదట చట్టం సంగతి తెలియాలి. 1901లో గనుల చట్టం వచ్చింది. గనిని నడిపే మేనేజర్‌కు అర్హత సర్టిఫికెట్ ముఖ్యమైంది. మరి అది సంపాదించే చదువు ఇక్కడ ఏది? అదే ఏడాది డిసెంబరులో కాంగ్రెస్ మహాసభ లండన్ రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్ తరహాలో ఇక్కడా ఒక ప్రభుత్వ కాలేజీ పెట్టాలని తీర్మానించింది.

ప్రభుత్వం మాత్రం ముందు ఉన్నదాంట్లోనే సర్దింది. కలకత్తా దగ్గర శిబ్‌పూర్ ఇంజనీరింగ్ కాలేజీలో 1906లో మైనింగ్ తరగతులు పెట్టారు. శిబ్‌పూర్ ఉన్నది హుగ్లీ నది ఒడ్డున, బొగ్గేమో రాణీగంజ్, ఝరియాల్లో. గనుల చదువు సంగతి చూడడానికి వేసిన మెక్‌ఫర్సన్ కమిటీ 1920లో నివేదిక ఇచ్చింది. చివరికి 1926 డిసెంబరు 9న ఝరియా బొగ్గు గనుల పక్కనే ఉన్న ధన్‌బాద్‌లో ఇండియన్ స్కూల్ ఆఫ్ మైన్స్‌ను వైస్రాయ్ ఇర్విన్ ప్రారంభించాడు. తీర్మానం నుంచి ప్రారంభం దాకా పాతికేళ్లు! ఆ పాతికేళ్లలో ఎంతమంది కుర్రాళ్లకు దారి మూసుకుపోయిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మొదటిసారి బాయి దిగినప్పుడు నా కాళ్లు వణికాయి. ఒక ముసలి సర్దార్ (కూలీల ముఠా మేస్త్రీ) చెయ్యి పట్టుకుని, గాలి ఎటు పోతోందో ముఖానికి తగిలించుకుని చూడమన్నాడు. వెంటిలేషన్ పాఠం నాకు ఆ రోజే అర్థమైంది.

కాశీ_బ్యాచ్:
అన్నా, బనారస్‌ను మర్చిపోకండి. మాలవీయ గారు చందాలు పోగుచేసి నిలబెట్టిన యూనివర్సిటీలో ధన్‌బాద్ కంటే ముందే, 1923లోనే మైనింగ్, మెటలర్జీ చదువు మొదలైంది. అక్కడ చుట్టుపక్కల బొగ్గు లేదు. మేము సెలవుల్లో రైలెక్కి ఝరియా పోయి ట్రైనింగ్ చేసేవాళ్లం. కష్టమే కానీ, జియాలజీ, మెటలర్జీ వాళ్లతో ఒకే మెస్‌లో తినడం వల్ల నేర్చుకున్నది కూడా తక్కువేం కాదు.

జోబర్గ్_తెలుగు:
నేను జొహానెస్‌బర్గ్‌లో పనిచేస్తున్నాను. చదువు ఒకచోట, గని ఒకచోట అనే ఈ సమస్యను ఇక్కడ మరోలా పరిష్కరించారు. 1896లో కింబర్లీ వజ్రాల గనుల దగ్గర స్కూల్ ఆఫ్ మైన్స్ మొదలైంది. విద్యార్థులు మొదటి రెండేళ్లు సిద్ధాంతం కేప్‌టౌన్ లాంటి చోట కాలేజీలో చదివి, ఆ తర్వాత గనుల దగ్గరికి వచ్చేవాళ్లు. 1904లో స్కూల్‌ను బంగారం ఉన్న జొహానెస్‌బర్గ్‌కు మార్చారు. 1922లో అదే విట్‌వాటర్స్‌రాండ్ యూనివర్సిటీ అయింది. అంటే ఇక్కడ గని స్కూలే పెరిగి పెరిగి యూనివర్సిటీ అయిందన్నమాట.

కానీ ఇక్కడి 1911 గనుల చట్టం కింద వచ్చిన నియమాలు అర్హత సర్టిఫికెట్లు నల్లజాతివాళ్లకు అందకుండా చేశాయి. గని లోపల ఎక్కువ కష్టం చేసిందీ వాళ్లే, చదువు అందనిదీ వాళ్లకే. ఇల్లెందు తమ్ముడి తాత సంగతి చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.

డునెడిన్_అమ్మ:
న్యూజిలాండ్‌లో మా అమ్మాయి ఒటాగో యూనివర్సిటీలో చదువుతోంది. 1861లో దగ్గర్లో బంగారం దొరికాకే ఆ యూనివర్సిటీ ఉన్న డునెడిన్ ఊరు పెరిగిందట. యూనివర్సిటీలో మైనింగ్ స్కూల్ 1870ల చివర్లోనే పెట్టారు. జర్మనీలో చదివిన ఉల్రిచ్ అనే ఆయన దాన్ని నడిపాడు. రాళ్ల నమూనాలు సేకరిస్తూ కొండ మీంచి పడి 1900లో చనిపోయాడని తెలిసి మనసు కలుక్కుమంది.

కొత్తగూడెం_సీనియర్:
మన దగ్గర కొత్తగూడెం స్కూల్ ఆఫ్ మైన్స్‌గా మొదలైన కాలేజీ ఉంది కదా. స్వాతంత్ర్యం తర్వాతది. మొదట ఉస్మానియా కింద, తర్వాత కాకతీయ కింద నడిచింది. ఊరే సింగరేణి ఊరు కాబట్టి మాకు శిబ్‌పూర్ లాగా గని దూరమన్న ఇబ్బంది లేదు. మా క్లాసులో కార్మికుల పిల్లలు చాలామందే ఉండేవాళ్లు. ఓవర్‌మ్యాన్ (గనిలో పని చూసుకునే సూపర్‌వైజర్) కొడుకు ఫస్ట్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ తెచ్చుకున్న రోజు వాళ్ల నాన్న కాలనీ అంతా మిఠాయి పంచాడు.

ఇల్లెందు_మనవడు:
అందరికీ దండాలు. కొత్తగూడెం అన్నా, మా చెల్లెలు ఈ ఏడు ఇంటర్ పాసైంది, మైనింగ్ చదువుతానంటోంది. ఇంట్లో కాస్త టెన్షన్ పడుతున్నారు. మీరొకసారి తనతో మాట్లాడతారా?

కొత్తగూడెం_సీనియర్:
తప్పకుండా తమ్ముడూ. ఆదివారం ఫోన్ చేయమను. మీ తాత కప్పు కొట్టి చూసే సంగతి నాకు కూడా వివరంగా చెప్పమను.