పక్క బిల్డింగుకు నాలుగు కంపెనీల నెట్, మాకు ఒక్కటే. తప్పెవరిది?

మియాపూర్ వాసి:
మాది మామూలు ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. ఒక్క కంపెనీ ఫైబరే వస్తుంది. ప్రహరీ గోడ అవతల బిల్డింగులో నాలుగు కంపెనీలున్నాయి. వాటిలో ఒకదానికి ఫోన్ చేస్తే "మీ అడ్రసు ఫీజబుల్ కాదు సార్" అన్నారు. వాళ్ల కేబుల్ మా గేటు ముందు స్తంభం మీదుగానే పోతోంది! కంపెనీలు ఏరియాలు పంచుకున్నాయి కాబట్టే ఇలా జరుగుతోందని నా గట్టి నమ్మకం. కాదనేవాళ్లు చెప్పండి.

ఫైబర్ శీను:
నేను ఈ పనిలోనే ఉన్నాను సార్. స్తంభం మీద కేబుల్ కనిపించినంత మాత్రాన కనెక్షన్ ఇవ్వలేం. చాలాసార్లు అది వేరే ఏరియాకు వెళ్లే మెయిన్ లైను, మధ్యలో కోయడానికి లేదు. మీకు దగ్గర్లో స్ప్లిటర్ బాక్సు (ఒక లైనును చాలా ఇళ్లకు పంచే పెట్టె) ఉండాలి, అందులో పోర్టు (మీ వైరు తగిలించే చోటు) ఖాళీ ఉండాలి. ఒక్క ఫైబర్ పోగునే మామూలుగా 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. అది నిండితే ఇంకో పోగు లాగి స్ప్లైసింగ్ చేయాలి, అంటే పోగుల కొసలు అతికించాలి. ఒక్క ఇంటి కోసం కంపెనీ ఆ ఖర్చు పెట్టదు. పదిమంది కలిసి అడిగితే వస్తారు.

వనజ, ఎల్‌బీ నగర్:
శీను గారూ, మా దగ్గర గేటు బయటే బాక్సుంది, పోర్టులూ ఖాళీ ఉన్నాయి. అయినా రాదు. ఎందుకంటే బిల్డర్ మొదట్లోనే ఒక కంపెనీతో మాట్లాడుకుని షాఫ్టులో (పైఅంతస్తులకు పైపులు, వైర్లు వెళ్లే దారిలో) వాళ్ల కేబులే వేయించాడు. ఇప్పుడు ఎవరొచ్చినా అసోసియేషన్ వాళ్లు "గోడలకు రంధ్రాలు పడతాయి" అని వెనక్కి పంపేస్తున్నారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చే నిబంధనలు తెచ్చింది, మంచిదే. కానీ ఆ రేటింగ్‌కు దరఖాస్తు చేయాలా వద్దా అన్నది ఓనర్ల ఇష్టం. బిల్డింగులోకి దారి ఎవరి చేతిలో ఉందో వాళ్లదే నిర్ణయం. దీన్ని టెక్నికల్ సమస్య అనడం నాకు నచ్చదు.

కోనసీమ కుర్రాడు:
మీరంతా అపార్ట్‌మెంట్ల గురించే మాట్లాడుతున్నారు. ఆంధ్రాలో 2017 డిసెంబరులో ప్రభుత్వ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ అన్నారు. రోడ్లు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగారు కాబట్టే అంత త్వరగా ఊళ్లకొచ్చింది. కానీ ఊళ్లోకొచ్చిన లైనును ఇంటింటికీ ఇచ్చేది లోకల్ కేబుల్ ఆపరేటరే. సెంటర్లో ఇళ్లు దగ్గరగా ఉంటాయి, అక్కడ ఇస్తాడు. మా ఇల్లు చేల మధ్య ఉంది, మా ఒక్కరి కోసం అంత కేబుల్ వేస్తే గిట్టదంటాడు. అతన్నీ తప్పుపట్టలేను.

ఫైబర్ శీను:
స్తంభాల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 2025 ఆగస్టులో రామంతాపూర్ శోభాయాత్రలో రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో స్తంభాల మీది కేబుళ్లు కోసేశారు, వ్యవహారం హైకోర్టుకూ వెళ్లింది. స్తంభాల మీద ఇష్టమొచ్చినట్టు వైర్లు చుట్టడం ఆగాల్సిందే, ప్రాణాల కన్నా నెట్ ఎక్కువ కాదు. కానీ అనుమతి లేని వీధిలో ఇక కొత్త లైను వేయలేం. పక్క వీధిలో అనుమతి ఉంటే అక్కడ వస్తుంది.
మియాపూర్ సార్, "ఫీజబుల్ కాదు" అంటే వదలకండి. బాక్సు లేదా, పోర్టు లేదా, బిల్డింగ్ పర్మిషన్ లేదా అని విడదీసి అడగండి. పర్మిషనే అయితే అది మీ కమిటీ చేతిలో పని.

మియాపూర్ వాసి:
అడిగాను. పర్మిషనేనట. అంటే కంపెనీని అనాల్సింది కాదు, మా కమిటీనే అడగాలి. సంతకాలు సేకరిస్తాను.

వనజ, ఎల్‌బీ నగర్:
మీరు సొంత ఫ్లాట్‌లో ఉన్నారు కాబట్టి అడగగలరు. మాది అద్దె ఇల్లు. మెయింటెనెన్స్ ప్రతినెలా మేమే కడతాం, మీటింగుకు మాత్రం ఓనర్లనే పిలుస్తారు. అద్దెకున్నవాళ్లు ఏ హక్కుతో అడగాలో ఎవరైనా చెప్పండి.