హెర్లిహీ-వింగ్ క్యూ: ఎన్‌క్యూకి లీనియరైజేషన్ పాయింట్ ఎక్కడ?

క్యూ_రుజువు:
హెర్లిహీ, వింగ్ 1990 పేపర్‌లో లీనియరైజబిలిటీతో (ప్రతి ఆపరేషన్ తను మొదలై ముగిసేలోపు ఏదో ఒక్క క్షణంలో జరిగినట్టు కనిపించాలనే నియమం, ఆ క్షణమే లీనియరైజేషన్ పాయింట్) పాటు ఇచ్చిన క్యూ గురించి అడుగుతున్నా. కోడ్ చిన్నదే. ఎన్‌క్యూ (విలువ పెట్టడం) అంటే బ్యాక్ అనే కౌంటర్ మీద ఫెచ్-అండ్-యాడ్ (పాత విలువ చదివి ఒకటి కలపడం, విడదీయరాని ఒకే స్టెప్‌గా) చేసి స్లాట్ నంబర్ తెచ్చుకోవడం, ఆ స్లాట్‌లో విలువ రాయడం. డీక్యూ (విలువ తీయడం) బ్యాక్ చదివి, 0 నుంచి అక్కడిదాకా ఒక్కో స్లాట్‌ని నల్‌తో (ఖాళీ అనే గుర్తుతో) స్వాప్ చేస్తూ పోతుంది. నల్ కానిది తగిలితే అదే జవాబు, లేకపోతే మళ్లీ మొదటి నుంచి.

ఫెచ్-అండ్-యాడ్‌ని లీనియరైజేషన్ పాయింట్ అనుకుంటే ఇన్వేరియంట్ (ప్రతి స్టెప్ తర్వాతా నిజంగా ఉండాల్సిన షరతు) నిలవట్లేదు. రాసే స్టెప్ అనుకున్నా నిలవట్లేదు. ఒక్కోసారి ఇది, ఒక్కోసారి అది అని కండిషన్ పెడితే కుదురుతుందా? రుజువు ఐరిస్‌లో (కాంకరెంట్ ప్రోగ్రామ్‌ల రుజువుకి వాడే లాజిక్) చెయ్యాలి. దానికి ముందు టీఎల్‌ఏ+ (స్పెసిఫికేషన్ భాష) మోడల్ రాసి టీఎల్‌సీతో (దాని మోడల్ చెకర్) చూస్తే ఎంతవరకు నమ్మొచ్చు? చివరికి ఇది సీ++లో ఏఆర్‌ఎమ్ మీద నడవాలి.

ఘోస్ట్_స్టేట్:
కండిషన్ పెట్టినా కుదరదండి. ఈ ఒక్క షెడ్యూల్ చూడండి. ఏ అనే థ్రెడ్‌కి స్లాట్ 0, బీకి స్లాట్ 1 వచ్చాయి, ఇంకా ఎవరూ రాయలేదు. డీ1 బ్యాక్ = 2 అని చదివి, స్లాట్ 0 నల్‌గా ఉందని దాటేసి ఆగింది. అప్పుడు ఏ, బీ రెండూ రాసేసి రిటర్న్ అయిపోయాయి. ఇక్కడి నుంచి డీ1 కదిలితే బీ విలువ ముందు బయటికొస్తుంది. డీ1 కదలకముందే డీ2 కొత్తగా వచ్చి 0 నుంచి మొదలుపెడితే ఏ విలువ ముందు వస్తుంది. రెండూ సరైనవే, రెండింటికీ మొదలు ఒకే స్థితి. అంటే ఎన్‌క్యూలు ముగిశాక కూడా వాటి వరుస తేలలేదు, తర్వాత షెడ్యూలర్ తేలుస్తుంది. ఇప్పటి స్థితిని, ఇప్పటిదాకా జరిగిన చరిత్రని ఎంత చూసినా ఆ జవాబు అందులో లేదు. కాబట్టి ఫార్వర్డ్ సిమ్యులేషన్‌తో (ఒక్కో స్టెప్ దగ్గర అప్పటిదాకా తెలిసినదాన్ని బట్టే వరుస తేల్చే రుజువుతో) పని కాదు.

ఐరిస్‌లో దీనికి ప్రాఫెసీ వేరియబుల్స్, అంటే తర్వాత జరగబోయేదాన్ని రుజువులో ముందే వాడుకోనిచ్చే వేరియబుల్స్, ఉన్నాయి (2020 పీఓపీఎల్ సదస్సు పేపర్, ఈ క్యూ రుజువు కూడా అందులో భాగమే). ఏయే స్లాట్లలో స్వాప్ ఏ వరుసలో సఫలమవుతుందో ప్రాఫెసీ ముందే చెబుతుంది. దాన్ని బట్టి ఎన్‌క్యూలని లీనియరైజ్ చేస్తారు. చిక్కులు రెండు చోట్ల వస్తాయి. రిజాల్వ్‌ని (ప్రాఫెసీ చెప్పినదాన్ని నిజంగా జరిగినదానితో ముడిపెట్టే కమాండ్) స్వాప్‌తో కలిపి ఒకే అటామిక్ స్టెప్‌గా రాయాలి. పక్క లైన్‌లో పెడితే మధ్యలో ఇంకో థ్రెడ్ దూరుతుంది, ఇన్వేరియంట్ మూయలేరు. రెండోది, ఒక థ్రెడ్ ఎన్‌క్యూని వేరే థ్రెడ్ స్టెప్ దగ్గర లీనియరైజ్ చెయ్యాల్సి వస్తుంది. అందుకని పెండింగ్ ఎన్‌క్యూల అటామిక్ అప్‌డేట్‌లని (ఆ ఎన్‌క్యూని లీనియరైజ్ చేసే హక్కుల్ని) ఇన్వేరియంట్‌లోనే దాచిపెట్టాలి. ఎక్కువ శ్రమ ఇక్కడే.

నన్నడిగితే, ఐరిస్ తప్పనిసరి కాకపోతే హెంజింగర్, సెజ్‌గిన్, వఫేయాడిస్ 2013లో చూపిన దారి తేలిక. లీనియరైజేషన్ పాయింట్ ఊసే లేకుండా నాలుగు తప్పులు జరగవని చూపిస్తే చాలు: పెట్టని విలువ రావడం, ఒకే విలువ రెండుసార్లు రావడం, వరుస తప్పడం, ఖాళీ కానప్పుడు ఖాళీ అనడం. ఈ క్యూ ఎప్పుడూ ఖాళీ అని చెప్పదు కాబట్టి నాలుగోది పోయినట్టే. మొదటి రెండూ స్వాప్ వల్ల దాదాపు ఉచితం. మిగిలింది వరుస ఒక్కటే.

ఇంటర్‌లీవింగ్:
టీఎల్‌సీ గురించి. ఒక్కోదానికి 5 స్టెప్‌లున్న 3 థ్రెడ్లకి 7,56,756 ఇంటర్‌లీవింగ్‌లు (స్టెప్‌లు కలగలిసే వరుసలు). నాలుగో థ్రెడ్ చేరిస్తే 1,173 కోట్లు దాటుతుంది. టీఎల్‌సీ దారుల్ని కాక స్థితుల్ని లెక్కిస్తుంది కాబట్టి అంత ఘోరంగా ఉండదు గానీ, పెరిగే తీరు అదే. 2 ఎన్‌క్యూలు, 2 డీక్యూలతో మొదలుపెట్టండి. పైన చెప్పిన షెడ్యూల్ అందులోనే దొరుకుతుంది. థ్రెడ్ ఐడీలకీ విలువలకీ సిమెట్రీ (పేర్లు మాత్రమే తేడా ఉన్న స్థితుల్ని ఒకటిగా లెక్కించడం) పెట్టండి, కానీ లైవ్‌నెస్ (జరగాల్సింది ఎప్పటికైనా జరుగుతుందా అన్నది) చెక్ చేసేటప్పుడు తీసెయ్యండి, లేకపోతే టీఎల్‌సీ అసలు తప్పుని దాటేసే ప్రమాదం ఉంది.

అమూర్త క్యూకి రిఫైన్‌మెంట్ మ్యాపింగ్ (కోడ్‌లోని ప్రతి స్థితికీ అమూర్త క్యూలో ఏ స్థితో చెప్పేది) రాస్తే అక్కడా ఇదే గోడ తగులుతుంది, ప్రాఫెసీ వేరియబుల్ చేర్చాల్సిందే. థ్రెడ్ల సంఖ్యకి హద్దు లేకపోతే లీనియరైజబిలిటీ నిర్ణయించడం సాధారణంగా అసాధ్యం. కాబట్టి టీఎల్‌సీ పాస్ అయిందంటే ఆ సైజుకి పాస్ అయినట్టే.

క్యూ_రుజువు:
నాలుగు తప్పుల పద్ధతి బాగుంది. సీ++లో స్లాట్ రాతకి రిలీజ్, స్వాప్‌కి అక్వైర్ పెట్టి (రిలీజ్ రాతకి ముందున్న పనులు, దాన్ని అక్వైర్‌తో చదివినవాళ్లకి కనపడతాయి), బ్యాక్ మీద అన్నీ రిలాక్స్‌డ్‌గా (వరుస హామీ లేకుండా) వదిలేశా. బ్యాక్ ఉత్త కౌంటరే కదా? ఎక్స్86 మీద స్ట్రెస్ టెస్ట్‌లో ఏమీ బయటపడలేదు.

ఫెన్స్_వద్దు:
ఎక్స్86లో బయటపడదు. ఫెచ్-అండ్-యాడ్ అక్కడ లాక్ ఎక్స్‌యాడ్ అనే ఇన్‌స్ట్రక్షన్ అవుతుంది, అది స్టోర్ బఫర్‌ని (మిగతా కోర్లకి ఇంకా కనపడని రాతల్ని) ఖాళీ చేసేస్తుంది. ఏఆర్‌ఎమ్‌లో వరుస తప్పుతుంది. ఒకే థ్రెడ్ ఏ, తర్వాత బీ పెట్టిందనుకోండి. స్లాట్ 0 రాత ఇంకా ఎవరికీ కనపడకముందే రెండో ఫెచ్-అండ్-యాడ్ కనపడొచ్చు. డీక్యూ బ్యాక్ = 2 చదివింది, స్లాట్ 0లో నల్ చూసి దాటింది, ఈలోగా రెండు రాతలూ చేరాయి, స్లాట్ 1లో బీ దొరికింది. ఏ ఎన్‌క్యూ పూర్తయ్యాకే బీ మొదలైంది, అయినా బీ ముందు వచ్చింది. జరగదని మీరు రుజువు చెయ్యాల్సిన ఆ మూడో తప్పే ఇది.

ఫెచ్-అండ్-యాడ్‌కి రిలీజ్, డీక్యూ బ్యాక్ చదివేచోట అక్వైర్ పెట్టండి. అప్పుడు స్లాట్ 0 రాతకీ ఆ స్వాప్‌కీ మధ్య హాపెన్స్-బిఫోర్ (ఇది దానికి ముందే జరిగిందని మెమరీ మోడల్ ఇచ్చే హామీ) వస్తుంది, నల్ చూసే వీలుండదు. జెన్‌ఎమ్‌సీలో (వీక్ మెమరీని కూడా చూసే మోడల్ చెకర్) డీక్యూ లూప్‌కి హద్దు పెట్టి రెండు వెర్షన్లూ నడిపి పోల్చండి.

ఒకటి మాత్రం తేలాల్సి ఉంది. ఏ, బీ వేర్వేరు థ్రెడ్లైతే, గడియారం ప్రకారం ఏ ముందే ముగిసినా మధ్యలో సింక్రనైజేషన్ లేకపోవచ్చు. అప్పుడు సీ++ మోడల్ ఏ వరుసకీ హామీ ఇవ్వదు, మామూలు లీనియరైజబిలిటీ మాత్రం ఇవ్వాలంటుంది. స్పెసిఫికేషన్‌నే హాపెన్స్-బిఫోర్ మీద రాసుకుంటారా, లేక అన్నిటికీ ఎస్‌సీ (సీక్వెన్షియల్ కన్సిస్టెన్సీ, అందరికీ ఒకే వరుస కనపడటం) పెట్టి పాతదే ఉంచుకుంటారా అన్నది, ఐరిస్ తెరిచేముందే తేల్చుకోండి. మొదటిదైతే మామూలు ఐరిస్ హీప్ చాలదు, వీక్ మెమరీ (రాతలు అందరికీ ఒకే వరుసలో కనపడని మెమరీ) కోసం దాని మీద కట్టిన ఐఆర్‌సీ11 లాంటి లాజిక్ కావాలి.