రొయ్యల చెరువు జనరేటర్: బ్రేకర్ ట్రిప్ కావడానికి కారణం ఓవర్‌లోడా, షార్టా?

ప్రశ్న:
భీమవరం దగ్గర మా రొయ్యల చెరువుకు 15 కేవీఏ త్రీఫేజ్ డీజిల్ జనరేటర్ ఉంది. దానిపై 2 హెచ్‌పీ ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) నాలుగు నడుస్తాయి. రాత్రి కరెంటు పోయి జనరేటర్‌కు మార్చగానే ఇంజను మూలిగి, బ్రేకర్ ట్రిప్ అవుతోంది. ఒక్కోసారి అన్నీ చక్కగానే తిరుగుతాయి కానీ, వాన పడిన రాత్రి మాత్రం తప్పకుండా ట్రిప్ అవుతుంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ తగ్గే వేళకు ఏరియేటర్లు ఆగితే పంట దక్కదు. అసలు లోపం ఎక్కడుందో తేల్చుకునే పద్ధతిని తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
రెండు వేర్వేరు లోపాలు ఒకే బ్రేకర్ దగ్గర బయటపడుతున్నాయని నా అభిప్రాయం. 415 వోల్టుల వద్ద 15 కేవీఏ అంటే ఫేజుకు సుమారు 21 ఆంపియర్లు. 2 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు దాదాపు మూడున్నర ఆంపియర్లే తీసుకుంటుంది కనుక నాలుగూ కలిసినా 14 దగ్గరే ఉంటాయి. కానీ నేరుగా స్టార్ట్ అయ్యే క్షణంలో ఒక్కో మోటారు దానికి ఆరు రెట్ల వరకు లాగుతుంది. నాలుగు స్టార్టర్లూ ఆన్‌లోనే ఉంచి ఛేంజోవర్ (లైను నుంచి జనరేటర్‌కు మార్చే స్విచ్) తిప్పితే ఒక్కసారిగా 80 ఆంపియర్లకు పైగా భారం పడి, వోల్టేజి కుంగిపోయి, మోటార్లు వేగం అందుకోలేక అంత కరెంటునూ లాగుతూనే ఉంటాయి. కాబట్టి ఒకటి పూర్తి వేగం అందుకున్న తర్వాతే మరొకటి వేయండి. నడుస్తున్నప్పుడు ఒక్కొక్కదాన్నీ క్లాంప్ మీటరుతో (తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటరు) చూడండి. గేర్‌బాక్సు బిగుసుకుపోయినది ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

జవాబు 2:
వాన రాత్రుల సంగతి వేరు, అక్కడ ఇన్సులేషన్‌ను అనుమానించాలి. ఇంజను ఆపి, ఛేంజోవర్‌ను ఆఫ్‌లో పెట్టి, ప్రతి ఏరియేటర్ కేబులునూ స్టార్టర్ దగ్గరా మోటారు దగ్గరా విప్పి, 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరు) కేబులును, మోటారును విడివిడిగా ఎర్త్‌కు కొలవండి. ఒక మెగోమ్ కన్నా తక్కువ వచ్చినదాన్ని వాడవద్దు. జనరేటర్ వైండింగును కూడా చూడదలిస్తే ముందు ఏవీఆర్ (జనరేటర్ వోల్టేజిని నిలకడగా ఉంచే పరికరం) తీగలు తప్పక విప్పండి, లేకపోతే అది కాలిపోవచ్చు. కొలవడం ఎండిన మధ్యాహ్నం కాకుండా, వాన వెలిసిన వెంటనే చేయడం మేలు.

జవాబు 3:
ఎవరు చెప్పినా బ్రేకర్‌ను పెద్దదిగా మార్చవద్దని వేడుకుంటున్నాను. షార్ట్ అయినప్పుడు చిన్న జనరేటర్ నుంచి వచ్చే కరెంటు లైను నుంచి వచ్చినంత ఉండదు. పెద్ద బ్రేకర్ దాన్ని గుర్తించేలోపే వైండింగు మాడిపోవచ్చు. గట్టు మీద తడి నేలలో తిరిగే మనుషుల ప్రాణాలూ దానితోనే ముడిపడి ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మూడో ఏరియేటర్ కేబులుకు గట్టు కింద టేపు చుట్టిన అతుకు ఉంది; విప్పి చూస్తే నీరు చేరి రాగి తీగ పచ్చబడి ఉంది. అతుకు లేని కొత్త కేబులు వేయిస్తున్నాము. స్టార్టర్లు ఒకదాని తర్వాత ఒకటి ఆన్ అయ్యేలా టైమర్లు పెట్టించిన రైతులెవరైనా ఉంటే, ఎంత వ్యవధి ఇచ్చారో తెలుపగలరు.