నాటు కోడి ఎదుగుదల మేతలో ఉందా, జాతిలో ఉందా?

పాలకొల్లు పెరటి రైతు:
మా పెట్ట పెట్టిన గుడ్లనే దాని కింద పొదిగించాం. పదకొండు పిల్లలు. ఒకే గంప కింద పెరిగాయి, ఒకే నూకలూ తవుడూ తిన్నాయి. రెండు నెలలు నిండాక గుడ్డ సంచిలో వేసి కాటాకు తగిలిస్తే పెద్దది 700 గ్రాములు, చిన్నది 400 దాటి కాస్త. రెండూ పుంజు పిల్లలే. మేత బాగుంటే ఏ కోడైనా ఎదుగుతుందని మా ఊళ్లో అంటారు. మరి ఈ తేడా ఎక్కడిది? బరువైన జాతి పుంజును తెచ్చి మందలో వదలమంటారా?

తణుకు కోళ్ల ఫారం:
అంతా మేతేనండి. నూకల్లో ఉండేది పిండిపదార్థం. మాంసకృత్తులు చాలకపోతే ఎంత మంచి జాతైనా ఎదగదు. బ్రాయిలర్ పిల్లకు ఉత్త నూకలు వేసి చూడండి, తెలుస్తుంది. పైగా పెద్ద గుడ్డులోంచి పెద్ద పిల్లే వస్తుంది. మీ పెద్ద పిల్ల అలాంటిదే అయి ఉంటుంది.

కోనసీమ నాటు కోళ్లు:
తణుకు వారు గుడ్డు గురించి చెప్పింది నిజమే. పిల్ల పుట్టిన రోజు బరువు గుడ్డు బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఉంటుంది. కానీ వారాలు గడిచేకొద్దీ ఆ ప్రభావం తగ్గిపోతుంది. రెండు నెలలకు మిగిలిన తేడానంతా గుడ్డు మీద వేయలేం.

మేతే అంతా అన్న మాట మాత్రం ఒప్పుకోను. కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో 1957, 1978 నాటి కోళ్ల వంశాలను అలాగే కాపాడి, 2005 నాటి బ్రాయిలర్లతో కలిపి ఒకే దాణా మీద పెంచారు. 56 రోజులకు సగటు బరువులు 905, 1,808, 4,202 గ్రాములు. దాణా మారలేదు, వంశమే మారింది. బ్రాయిలర్‌కు హార్మోన్ సూదులు వేస్తారని నమ్మేవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు కాబట్టి ఈ అంకెలు అందరికీ తెలియాలి. మన చేలలో చూసిందే ఇది. 1982లో మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ వరి రకం వచ్చాక, ఎరువు ఎంత ముఖ్యమో విత్తనమూ అంతే ముఖ్యమని డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక మీ పదకొండు పిల్లల సంగతి. వాటి తండ్రి ఒకడేనని ఎలా చెప్పగలం? ఊళ్లో పుంజు వీధందరిదీ. తండ్రి ఒకడే అయినా ఏ పిల్లకు ఏ జన్యువులు చేరతాయో ఒకేలా ఉండదు. బరువును నడిపేది ఒక్క జన్యువు కాదు, చాలా జన్యువులు తలా కొంచెం. ఒక్కటే పెద్ద తేడా తెచ్చే సందర్భాలూ ఉన్నాయి: ఎదుగుదల హార్మోన్‌ను అందుకునే గ్రాహకపు జన్యువు చెడితే కోడి మరుగుజ్జు అవుతుంది. ఆ జన్యువు, పిల్ల పుంజో పెట్టో తేల్చే జెడ్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. పెట్ట పిల్లకు జెడ్ ఒక్కటే, అదీ తండ్రి నుంచే వస్తుంది.

పాలకొల్లు పెరటి రైతు:
అయితే పుంజును మార్చేయమంటారా?

కోనసీమ నాటు కోళ్లు:
వద్దండి, నా మాట వినండి. హైదరాబాదు పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తయారు చేసిన వనరాజా బాగానే ఎదుగుతుంది, కానీ ఆ పెట్ట పొదగదు. మీ పెట్ట గుడ్ల మీద ఇరవై ఒక్క రోజులు కూర్చుంది, గద్ద నీడ పడితే పిల్లల్ని రెక్కల కింద దాచింది. బయటి పుంజుల్ని వదులుతూ పోతే రెండు మూడు తరాల్లో ఆ గుణం పలచబడుతుంది. మీకు కావలసిన తేడా మీ గంప కిందే ఉంది. 700 గ్రాముల పిల్ల కాలికి గుర్తు కట్టి అమ్మకుండా ఉంచండి.

తణుకు కోళ్ల ఫారం:
ఇది ఒప్పుకుంటాను. కానీ నూకల మీదే పెంచితే దాని అసలు సత్తువ బయటపడదు. ముందు రెండు నెలలూ చెదలో, అజొల్లా అనే నీటి మొక్కో, కొంచెం చేపపొడో కలిపి పెట్టండి, ఆ తరువాతే తూచి ఎంచుకోండి.

కోనసీమ నాటు కోళ్లు:
నిజమే. ఆ పుంజును మాత్రం దాని అక్కచెల్లెళ్ల మీదికి వదలకండి, పిల్లలు నీరసిస్తాయి. గుడ్లు మార్చుకుందాం. నా దగ్గర డేగ పెట్ట గుడ్లు డజను ఉన్నాయి.